పని రోజుల గోలి

నేను భయస్తురాలిని. ఈ మాట ముందే చెప్పేస్తే తరువాత ఎవరూ నన్ను ధైర్యవంతురాలని పొరబడరు. ఎంబీబీఎస్ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ఈ భయం బాగా ముదిరింది. ఏ పాఠం చదివితే ఆ జబ్బును మా ఇంట్లో ఎవరో ఒకరికి అంటగట్టేదాన్ని. కిందటి ఎండాకాలం బాపు మిర్చి బజ్జీలు మెక్కి ఛాతీ పట్టుకుంటే, గుండెపోటేనని గోల చేసి నిజామాబాద్ దాకా ఉరికించాను. అక్కడ ఈసీజీ తీసి, చేతిలో ఒక గ్యాస్ గోలి పెట్టి పంపించారు. బాపు అంటే మా నాన్న నరహరి, ఆటో నడుపుతాడు. ఆ కథను ఆర్మూర్ ఆటో స్టాండులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

"నా గ్యాసుకు గుండెపోటని పేరు వెట్టింది మా డాక్టరమ్మ," అంటాడు. "ఆకరికి బిల్లు జూస్తె నిజంగనే గుండెపోటు వచ్చేటట్టయింది."

పక్కింటి సాయవ్వ పెద్దమ్మ దగ్గితే క్షయ అన్నాను. బీడీ పొగాకు ఘాటని తేలింది. అప్పటి నుంచి నేను హాస్టల్ నుంచి ఇంటికి వస్తే చాలు, ఆమె దగ్గు వచ్చినా మింగేస్తుంది. అందుకే ఈసారి చదువుకోవడానికి సెలవులిచ్చినప్పుడు ఒట్టు పెట్టుకుని వచ్చాను. ఏం చదివినా సరే, ఎవరి ముఖం వంకా చూడకూడదు.

సోమవారం నాడు జనరల్ మెడిసిన్ పేపరు. నాకు మిగిలింది గుండె పాఠం, అందులోనూ గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే మందులు. వాటిని నాలుగు తరగతులుగా విడగొట్టారు. ఒక్కో తరగతికి ఒక్కో గుణం, ఒక్కో పీడ. ఒకటి గుండెను ఆదుకుంటూ ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, ఇంకొకటి దడ తగ్గిస్తూ ఆయాసం పెంచుతుంది. డిగాక్సిన్ అనే మందు మాత్రం ఏ తరగతిలోనూ చేరదు. బడిలో పేరు రాయించుకోని పిల్లాడిలా బయట తిరుగుతుంటుంది. ఈ పాఠం మొత్తంలో నన్ను ఎక్కువగా భయపెట్టిన వాక్యం ఒకటుంది. లయను సరిచేసే మందే లయను తప్పించగలదు. దాని కింద గీత గీసి, పుస్తకం మూసేసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

భయపడటానికి కారణం ఉంది. ఆ డిగాక్సిన్ మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ వినోదకు చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో ఒక జ్వరం వచ్చిందట. జ్వరం పోయింది గానీ గుండెలో ఒక కవాటాన్ని ఇరుకు చేసి పోయింది. దానివల్ల మూడేళ్లుగా ఆమె గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటోంది. అమ్మకు మూడు రకాల మందులు. వాటికి ఆమె పెట్టుకున్న పేర్లు గుండె గోలి, నీళ్ల గోలి, నెత్తురు గోలి. గుండె గోలి అంటే డిగాక్సిన్. మందులు ఆపకుండా వాడుతుంది, నెల నెలా తనే వెళ్లి తెచ్చుకుంటుంది. ఆ విషయంలో ఆమెకు వంక పెట్టడానికి లేదని నేను అనుకునేదాన్ని.

శుక్రవారం సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చింది. మామూలు రోజుల్లో ఇంట్లోనే బీడీలు చుడుతుంది. పసుపు దిగే కాలం వస్తే మాత్రం సాయవ్వ పెద్దమ్మతో కలిసి మార్కెట్ యార్డుకు పోతుంది. కొమ్ములు ఒకవైపు, గోళలనే గుండ్రటి దుంపలు ఒకవైపు ఏరి పోయడం వాళ్ల పని. ఆ రెండు నెలలూ మా ఇంట్లో పసుపు కానిదంటూ ఉండదు. స్నానం నీళ్లు, గోళ్లు, తువ్వాళ్లు, దిండు గలేబులు అన్నీ ఆ రంగే. ఆఖరికి చాయ్ గ్లాసుల అంచులకు కూడా అంటుకుని ఉంటుంది.

అమ్మ రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది.

"తినబుద్ధయితలేదు. పసుపు వాసనకు కడుపుల తిప్పినట్టయితున్నది."

"నాకు గూడ గంతే చెల్లె," అంది గడపలో కూర్చున్న సాయవ్వ పెద్దమ్మ.

అమ్మ పైకి చూసి బాపుతో అంది. "గా ట్యూబులైటు మార్చరాదూ? పసుపు పసుపు కొడుతున్నది. సుట్టూత గుండ్రంగ ఒక రంగు గూడ వడ్డది."

"లైటు మంచిగనే ఉన్నది," అన్నాడు బాపు. "పసుపుల పొర్లి వచ్చినోళ్లకు పసుపు గాక ఎరుపు కనవడ్తదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరి ముఖమూ చూడనని ఒట్టు పెట్టుకున్నాను కదా, తల వంచుకుని నాలుగో తరగతి మందులు చదువుకున్నాను.

మరునాడు పొద్దున్నే వాకిట్లో నడుస్తూ డిగాక్సిన్ బట్టీ పడుతున్నాను. మోతాదు మించితే ముందు ఆకలి పోతుంది. తరువాత వికారం, వాంతులు. నాడి నెమ్మదిస్తుంది, తడబడుతుంది. కొందరికి వస్తువులన్నీ పసుపు రంగులో, దీపాల చుట్టూ గుండ్రటి వలయాలతో కనిపిస్తాయి.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

అమ్మ తలకు గుడ్డ చుట్టుకుంటోంది. సాయవ్వ పెద్దమ్మ సద్ది డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ మోర్తాడ్ వైపు చేలకు, పసుపు ఉడికించే పనికి బయలుదేరుతున్నారు. మళ్లీ మొదలుపెట్టావా నందినీ, అని నన్ను నేను తిట్టుకున్నాను. ఈ కాలంలో ఆర్మూర్‌లో ఎవరిని అడిగినా కళ్ల ముందు పసుపే ఉందంటారు. అలా అని ఊరంతటికీ మందు మించిందా? అయినా, మా అమ్మలో ఆ జబ్బు దాక్కోవాలంటే ఈ ఊరి కంటే, ఈ నెలల కంటే మంచి చోటు దొరకదు కదా, అనిపించింది.

లోపలికి పరుగెత్తి నా తెల్ల కోటు తీశాను. ఇస్త్రీ చేయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చుకున్నది, ఇంకా విప్పలేదు. కవర్ చింపి అమ్మ ముందు పట్టుకున్నాను.

"అమ్మా, ఇది ఏం రంగు?"

అమ్మ చూసి నొసలు ముడిచింది. "పసుపంతా అంటింది గదనే! తెల్ల కోటును గా చేతులతోని ఎందుకు ముట్టినవ్?"

"ఏడ అంటింది చెల్లె?" అంది సాయవ్వ పెద్దమ్మ. "మల్లెపువ్వు లెక్క ఉన్నది గదా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను అమ్మ చేయి పట్టుకుని గడప మీద కూర్చోబెట్టి, మణికట్టు మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి నలభై నాలుగు. అదీ ఒక వరసలో లేదు. రెండు దగ్గర దగ్గరగా కొట్టుకుని, మూడోది ఎప్పటికో వచ్చేది. లెక్క తప్పానేమోనని మళ్లీ మొదటి నుంచి చూశాను. ఈసారి ఇంకా తక్కువ వచ్చింది.

"గుండె గోలి ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నవమ్మా?"

"పని ఉన్న రోజు ఏస్కుంట. పని లేని రోజు ఏస్కోను. డాక్టర్ సారు గట్లనే సెప్పిండు గదా."

డిగాక్సిన్‌ను చాలామందికి వారంలో ఐదు రోజులే రాస్తారు. మిగతా రెండు రోజులు మానేస్తే ఒంట్లో పేరుకున్నది కాస్త దిగుతుంది. అమ్మకూ అలాగే రాశారు.

"సారు శనివారం, ఆదివారం వద్దన్నడమ్మా."

"ఆ, గదే. యార్డు బంద్ ఉండే రోజులు."

"మరి సీజన్ల?"

"సీజన్ల బంద్ ఎక్కడిది?" అంది అమ్మ, ఇంత చదువు చదివి ఇది తెలియదా అన్నట్టు. "యార్డు బంద్ ఉంటె చేన్లకు పోతున్నం. పని జేసేటప్పుడు గుండెకు బలం వద్దా?"

అందులో తప్పెక్కడుందో వెతికితే దొరకదు. రోజు కూలికి పోయే మనిషికి ఆదివారమంటే పని లేని రోజే, ఇంకేమీ కాదు. సీజన్ మొదలైనప్పటి నుంచి అమ్మకు ఆదివారమే రాలేదు. మందు దిగడానికి ఒక్క రోజు కూడా దొరకలేదు. పైగా పసుపు ఉడికించే పొయ్యిల దగ్గర ఒళ్లంతా చెమటలు, దానికి తోడు నీళ్ల గోలి. ఆ గోలి నీళ్లతో పాటు పొటాషియాన్నీ బయటికి లాగేస్తుంది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ పట్టు ఇంకా బిగుస్తుంది. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. నోటికి రావడం వేరు, అవి అమ్మ ఒంట్లో జరుగుతుంటే ఎదురుగా నిలబడి చూడటం వేరు.

"బాపూ, ఆటో తియ్. నిజామాబాద్ పోవాలె."

ఆటో అద్దం తుడుస్తున్న బాపు వెనక్కి కూడా తిరగలేదు. "వచ్చిందా? ఇంకా రాలేదేందా అని సూస్తున్న. ఈసారి ఎవ్వలకు?"

"అమ్మకు. మందు ఎక్కువైంది."

"పరీక్షల ముందట నీకు గిట్లనే అయితది బిడ్డా. పోయి సదువుకో. సాయంత్రానికి అమ్మ మంచిగుంటది."

అమ్మ కూడా లేవబోయింది. "కూలి పోతదే. ఫికర్ జెయ్యకు. సోమవారం నీ పరీక్ష అయినంక పోదాం."

అప్పుడు నాకు కోపం వచ్చింది. నా మీద నాకే. ఉత్త పుణ్యానికి అరిచి అరిచి, అరవాల్సిన రోజుకు నా గొంతును చెల్లకుండా చేసుకున్నాను. అమ్మ సద్ది డబ్బా లాక్కుని వాకిట్లోకి విసిరేశాను. జొన్నరొట్టె ఎగిరి మట్టిలో పడింది. మా ఇంట్లో అన్నం విసిరేసిన వాళ్లు అంతవరకూ లేరు.

"నాది తప్పయితె చచ్చేదాకా నవ్వు బాపూ," అన్నాను ఏడుస్తూ. "ఆటో స్టాండుల మైకు వెట్టి సెప్పుకో. గని ఇప్పుడు మాత్రం తియ్."

బాపు ఏమనుకున్నాడో, గుడ్డ భుజం మీద వేసుకుని ఆటో స్టార్ట్ చేశాడు.

మాక్లూర్ దాటక ముందే అమ్మ ఆటో ఆపమంది. దిగీ దిగకముందే వాంతి అయింది. కడుపులో ఏమీ లేదు, నీళ్లే వచ్చాయి. లేచి నిలబడబోయి నా మీద ఒరిగిపోయింది. బాపు వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఆయన ఇక నవ్వలేదు. మళ్లీ ఆటో ఎక్కాక అద్దంలోంచి నా వంకే చూస్తూ నడిపాడు. "ఇప్పుడెట్లున్నది? నాడి సూడు బిడ్డా, నాడి సూడు," అని ఊరికే అడుగుతూనే ఉన్నాడు. నా మాటను ఆయన నమ్మడంతో నాకు ఇంకా భయమేసింది. ఆయన నవ్వుతున్నంతసేపూ నాది తప్పయ్యే దారి ఒకటి మిగిలి ఉండేది.

నిజామాబాద్‌లో మా కాలేజీ దవాఖానకే తీసుకెళ్లాం, డ్యూటీ డాక్టర్ స్వర్ణలత మేడమ్. నేను చెప్పింది అడ్డు రాకుండా విని, ఈసీజీ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూశారు. నేనూ చూశాను. పుస్తకంలో ఉన్న బొమ్మే. పేరు దగ్గర మాత్రం అమ్మ పేరుంది.

"అమ్మా, గుండె గోలి ఇవాళ వేసుకున్నారా?" అని అడిగారు మేడమ్.

అమ్మ నా వంక చూసింది. చిన్నపిల్ల దొంగతనంగా చక్కెర తిని దొరికినట్టు చూసింది. తరువాత మెల్లగా రెండు వేళ్లు చూపించింది.

"రెండా? ఎందుకమ్మా?"

"తెల్లారంగ గుండె దడదడ అన్నది మేడమ్. ఆగుతది, మల్ల గట్టిగ కొడతది. దడకు గదే గోలి గదా. ఒకటి ఏస్కున్న. తగ్గలేదు. ఇంకోటి ఏస్కున్న."

మందు వల్లే దడ, ఆ దడకు మళ్లీ అదే మందు. నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. ఇంకో పూట ఆగి ఉంటే మూడోది వేసుకునేది. మోర్తాడ్ చేలలో, ఆ పొయ్యిల పక్కన పడిపోయేది.

మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. "దీనికి విరుగుడు ఉంది, నీకు తెలుసు. మన దగ్గర దొరకదు, అదీ తెలుసు. పొటాషియం బాగా తక్కువగా ఉంది, ఎక్కిస్తున్నాం. మిగతాది ఒంట్లోంచి దానంతట అది దిగిపోవాలి. గుండె మరీ నెమ్మదిస్తే తాత్కాలికంగా పేస్‌మేకర్ తీగ వేయాల్సి వస్తుంది. నువ్వు మానిటర్ దగ్గరే ఉండు. ఏమైనా తేడా కనిపిస్తే సిస్టర్‌కు చెప్పు."

మందు సగం దిగడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. మూత్రపిండాలు అలసి ఉంటే ఇంకా ఎక్కువ. పొద్దున వేసుకున్న రెండూ ఆమె ఒంట్లోనే ఉన్నాయి. నేను మానిటర్ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. బాపు మంచం చివర నిలబడి అమ్మ పాదాలు పట్టుకున్నాడు. ఆయనకు ఆ తెర మీద గీతలు చదవడం రాదు. ఆయన నా ముఖమే చదువుతున్నాడు.

సాయంత్రం అవుతుండగా గీత సాగింది.

ఒక కొట్టుకోవడం తరువాత ఇంకొకటి రావాలి. రాలేదు. గీత తిన్నగా పోతోంది. ఒకటి అనుకున్నాను. రెండు. అమ్మ కనురెప్పలు అదిరాయి. మూడు. అమ్మా, అమ్మా, అని అరవాలని నోరు తెరిచాను. అప్పుడొచ్చింది, ఒక్కటి. దాని వెనక ఇంకొకటి.

అమ్మ కళ్లు తెరిచింది. "ఏమైందే? గట్ల సూస్తున్నవ్?"

"ఏం కాలేదమ్మా," అన్నాను. "పండుకో."

ఆ గొంతు నాదేనా అనిపించింది. అందులో వణుకు లేదు, తొందర లేదు. వార్డుల్లో పెద్ద డాక్టర్ల వెంట తిరిగేటప్పుడు వాళ్ల నోట విన్న గొంతు అది. బాపు నా ముఖం చూసి, గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. "చాయ్ తెస్త బిడ్డా, పొద్దటి సంది ఏం తాగలేదు," అని బయటికి వెళ్లాడు. అమ్మ కళ్లు మూసుకుంది. నేను నవ్వు ముఖంతోనే లేచి, మెల్లగా నడిచి మంచం చుట్టూ కట్టిన గుడ్డ తెర దాటాను. దాటాక పరుగెత్తాను.

మేడమ్ వచ్చి ఇంజెక్షన్ ఇప్పించారు. గీత ఇంకా రెండుసార్లు అలాగే సాగింది. రెండుసార్లూ నేను అమ్మతో ఏం కాలేదనే చెప్పాను. తీగ వేయాల్సిన అవసరం రాలేదు. ఆదివారం సాయంత్రానికి నాడి యాభై దాటింది. సోమవారం పొద్దున బాపు నన్ను కాలేజీ గేటు దగ్గర దింపి, మళ్లీ అమ్మ దగ్గరికి వెళ్లాడు. నేను పేపరు రాశాను. ఏం రాశానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. లయ మందుల మీద ప్రశ్న మాత్రం రాలేదు.

వారం తిరిగేసరికి అమ్మ ఇంటికి వచ్చింది. ఆ గోలి పూర్తిగా ఆపేసి వేరే మందు రాశారు. అది పని ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాల్సిందే. ఈ సీజన్‌కు ఇక పని లేదు. అమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, చూడటానికి వచ్చిన సాయవ్వ పెద్దమ్మకు దవాఖాన సంగతులన్నీ చెప్పింది.

"నాకైతె పానం పోతున్నట్టే అయ్యింది అక్కా. గని నా బిడ్డ ముఖం జూసిన. జరంత గూడ భయం లేదు. ఏం కాలేదమ్మా, పండుకో, అన్నది. గంతే, నాక్కూడ ధైర్యమొచ్చింది."

"మన నందినేనా?" అంది సాయవ్వ పెద్దమ్మ, నా దిక్కు తిరిగి. చాలా రోజుల తరువాత ఆమె నా ఎదురుగా నిర్భయంగా దగ్గింది.

ఆమె వెళ్లిపోయింది. నేను అమ్మ పక్కన కూర్చుని ప్రాక్టికల్స్‌కు చదువుతున్నాను.

"నందినీ, గా దినం గా టీవీ దిక్కు సూస్తుంటివి గదా. నిజంగనే ఏం కాలేదా?"

ఇంకోసారి అదే మాట అనొచ్చు. గొంతు అలవాటయింది కూడా. కానీ ఇంట్లో, మా వాకిట్లో, ఆ గొంతుతో మాట్లాడటం నా వల్ల కాలేదు.

"అయింది. నీ గుండె ఆగిందమ్మా. మూడు సెకన్లు. మల్ల నడిచింది."

అమ్మ చేయి దానంతట అదే ఛాతీ మీదికి వెళ్లింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"మరి ఏం కాలేదన్నవ్."

"నువ్వు భయపడ్తవని."

అమ్మ నా పుస్తకం మూసి పక్కన పెట్టింది. "ఇన్నేండ్ల సంది ప్రతిదానికి భయపడ్తివి. ఊకె లొల్లి జేస్తదని నవ్వుకున్నం. గని నువ్వు సప్పుడు చెయ్యకుండ ఉన్నవంటె ఇంట్ల అందరం మంచిగున్నట్టేనని నాకు నిమ్మళముండె." గొంతు తగ్గించింది. "ఇగ నువ్వు ఏం కాలేదంటె నేనేమనుకోవాలె బిడ్డా?"

నాడి చూద్దామని చేయి చాపాను. అమ్మ మణికట్టు ఇచ్చింది. నేను లెక్కపెడుతున్నంతసేపూ నా ముఖం మీది నుంచి కళ్లు తీయలేదు.